కవచం 24 అంగుళాల దాకా పెరిగి మళ్లీ 9కి ఎందుకు దిగింది?

యుద్ధనౌకల కవచం, ఫిరంగుల గురించి ఇక్కడ రెండు ప్రశ్నలు. 1860లో నీటిలోకి దిగిన బ్రిటిష్ యుద్ధనౌక వారియర్‌కు కవచం నాలుగున్నర అంగుళాలు. 1881లో సేవలోకి వచ్చిన ఇన్‌ఫ్లెక్సిబుల్‌కు 24 అంగుళాలు. 1895 నాటి మెజెస్టిక్‌కు మళ్లీ 9 అంగుళాలే. ఫిరంగులు ఏటేటా బలపడుతుంటే కవచం పలచబడటం ఏమిటి? ఇక రెండోది: వెనక నుంచి నింపే ఫిరంగులు 1860 నాటికే చేతిలో ఉన్న బ్రిటిష్ నౌకాదళం, మూతి నుంచి నింపే పాత పద్ధతికి ఎందుకు తిరిగి వెళ్లింది? 1880 దాకా అక్కడే ఎందుకు ఉండిపోయింది?

రెండో ప్రశ్నకు చాలామంది ఇచ్చే జవాబు అధికారుల మొండితనం అని. అది సరికాదని నా గట్టి అభిప్రాయం. అప్పట్లో దొరికే తుపాకిమందు ఎంత త్వరగా కాలిపోయేదో చూస్తే ఆ నిర్ణయంలో అర్థం కనిపిస్తుంది. మందును నెమ్మదిగా కాల్చడం తెలిశాక అదే నిర్ణయం నిలబడలేదు. కవచం కథ కూడా చాలావరకు ఆ మందు వెంటే నడిచింది.

ముందు కవచం ఎందుకొచ్చిందో క్లుప్తంగా. 1853 నవంబరు 30న సినోప్ రేవులో రష్యన్లు పేలే గుండ్లతో టర్కీ చెక్క నౌకల దళాన్ని తగలబెట్టేశారు. గట్టి ఇనుప గుండు చెక్కలో కన్నం చేస్తుంది, వడ్రంగి దాన్ని పూడ్చుకోవచ్చు. పేలే గుండు చెక్కలో దిగి లోపల నిప్పు పెడుతుంది. రెండేళ్లకు, 1855 అక్టోబరు 17న, నల్లసముద్రం ఒడ్డున కిన్‌బర్న్ కోట మీదికి ఫ్రెంచివాళ్లు ఇనుప పలకలు తొడిగిన మూడు తేలే బ్యాటరీలను, అంటే నీటి మీది ఫిరంగి వేదికలను, పంపారు. వాటిలో ఒకదానికి 60కి పైగా గుండ్లు తగిలినా పలకలు సొట్టలతో సరిపెట్టుకున్నాయి. కోట లొంగిపోయింది. 1859లో ఫ్రాన్సు చెక్క ఒడలికి ఇనుము తొడిగి లా గ్లువార్‌ను దింపింది. దానికి జవాబే వారియర్. ఇది ఒడలు కూడా ఇనుముతోనే కట్టిన నౌక.

వారియర్ పక్కగోడ నిర్మాణం చూస్తే ఆ తరం ఆలోచన అంతా అర్థమవుతుంది. బయట నాలుగున్నర అంగుళాల చేత ఇనుము (పోతపోయకుండా కొట్టి సాగదీసిన, సాగేగుణమున్న ఇనుము) పలకలు. ఒక్కొక్కటి 15 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, బరువు దాదాపు 4 టన్నులు. వాటి వెనక 18 అంగుళాల టేకు, దాని వెనక నౌక అసలు ఇనుప చర్మం. టేకు అలంకారానికి కాదు. గుండు తగిలినప్పుడు ఆ దెబ్బను వెడల్పుగా పంచి, పలకకు కొంత కదలిక ఇచ్చేది అదే. టేకు లేకుండా ఇనుము మీద ఇనుము నేరుగా బిగిస్తే పలక నిలిచినా బోల్టులు తెగుతాయి. తెగిన నట్లు లోపలికి తూటాల్లా ఎగిరి మనుషులకు తగులుతాయి. బోల్టు తెగేది దాదాపు ఎప్పుడూ మర కోసిన చోటే, ఎందుకంటే అక్కడే అది సన్నం. మిగతా కాడను కూడా మర లోతు మేరకు సన్నగా చేస్తే సాగడం కాడ పొడవునా పంచుకుంటుంది, తెగడం తగ్గుతుంది. పాలిసర్ పేరుతో పిలిచే బోల్టుల కిటుకు ఇదే. వారియర్ పలకల అంచులను ఒకదానిలో ఒకటి దూరేలా నాలుక, గాడి పద్ధతిలో కోశారు. అతుకులు బలపడ్డాయి గానీ దెబ్బతిన్న ఒక పలకను మార్చాలంటే చుట్టుపక్కలవి కూడా కదిలించాలి. అందుకే ఆ పద్ధతిని తర్వాతి నౌకల్లో వదిలేశారు.

ఇక్కడ ఒక లెక్క గుర్తు పెట్టుకుంటే మిగతాదంతా తేలిక. చదరపు అడుగు వైశాల్యంలో అంగుళం మందం ఇనుము 40 పౌన్లు తూగుతుంది. నాలుగున్నర అంగుళాలంటే చదరపు అడుగుకు 180 పౌన్లు. ఆ బరువుకే 420 అడుగుల వారియర్‌లో మధ్యనున్న 213 అడుగులకు మాత్రమే కవచం వేయగలిగారు. ముందూ వెనకా కొసలు, చుక్కాని తిప్పే యంత్రాంగంతో సహా, బయటే ఉండిపోయాయి. మందం పెరిగే కొద్దీ కప్పగలిగే చోటు తగ్గుతుంది. ఈ బేరం శతాబ్దం చివరిదాకా ప్రతి నౌకలోనూ కనిపిస్తుంది.

మందం గురించి ఒక హెచ్చరిక. పొరలుగా పేర్చిన మందం, ఒకే పలక మందంతో సమానం కాదు. 1862 మార్చి 9న హ్యాంప్టన్ రోడ్స్‌లో తలపడిన అమెరికన్ నౌక మానిటర్ టరెట్ (ఫిరంగులతో సహా తిరిగే ఇనుప గూడు) అంగుళం మందం పలకలు ఎనిమిది పేర్చి కట్టినది. ఎదుటి వర్జీనియాకు రెండు అంగుళాల పలకలు రెండు పొరలు, ఏటవాలు చెక్క గోడ మీద. ఇలా పేర్చడానికి కారణం బలం కాదు. అంత మందమైన ఒకే పలకను అప్పటికప్పుడు తయారుచేసి ఇవ్వగల సౌకర్యం వాళ్లకు లేదు. "ఎనిమిది అంగుళాలు" అని చదివి దాన్ని వారియర్ పలకకు దాదాపు రెట్టింపు బలం అనుకోకూడదు. ఆ రోజు ఎవరి కవచమూ చీలకపోవడానికి ఇంకో రెండు కారణాలున్నాయి. వర్జీనియా చెక్క నౌకల మీదికని పేలే గుండ్లు తెచ్చుకుంది. మానిటర్ 11 అంగుళాల ఫిరంగుల్లో 15 పౌన్లకు మించి మందు వేయకూడదని ఆజ్ఞ. 1844లో ప్రిన్స్‌టన్ నౌక మీద ఒక పెద్ద ఫిరంగి పగిలి మంత్రులు చనిపోయినప్పటి నుంచి వెంటాడుతున్న భయం అది. తర్వాత అవే ఫిరంగులను 30 పౌన్లతో కాల్చినా ఏమీ కాలేదు.

ఇక వెనక నుంచి నింపే ఆర్మ్‌స్ట్రాంగ్ ఫిరంగి. చేత ఇనుము పట్టీలను చుట్టలు చుట్టి, అతికి, ఒకదాని మీద ఒకటి వేడిగా తొడిగి చేసిన గొట్టం అది. ఆ భాగం అద్భుతంగా పనిచేసింది, తర్వాతి ఫిరంగులన్నిటికీ అదే పునాది. చిక్కంతా వెనక మూతలో. గొట్టం పైభాగంలో ఒక గాడి ఉంటుంది. మూత దిమ్మను పైనుంచి అందులోకి దించి, వెనకున్న బోలు మరను తిప్పి బిగిస్తారు. గుండు, మందు ఆ బోలు మర గుండానే లోపలికి వెళ్తాయి. 7 అంగుళాల ఫిరంగి మూత దిమ్మ బరువు 136 పౌన్లు. ఊగే నౌకలో, పొగలో, ప్రతి గుండుకూ దాన్ని చేతులతో ఎత్తి దించాలి. మర సరిగ్గా బిగియకపోతే, లేదా బిగింపు ముఖాల మధ్య మసి చేరితే, పేల్చగానే దిమ్మ పైకి ఎగిరిపోతుంది. 1863 ఆగస్టులో జపాన్‌లోని కగోషిమా మీద జరిగిన దాడిలో 21 ఆర్మ్‌స్ట్రాంగ్ ఫిరంగులు 365 గుండ్లు పేల్చితే 28 ప్రమాదాలు నమోదయ్యాయి. సగటున 13 గుండ్లకు ఒకటి.

ప్రమాదాలు ఒక్కటే అయితే మూతను బాగుచేసుకునేవారేమో. అంతకన్నా పెద్ద లోపం ఇంకొకటుంది. ఆ మూత పెద్ద మోతాదు మందును తట్టుకోలేదు. మోతాదు తగ్గిస్తే వేగం తగ్గుతుంది, వేగం తగ్గితే కవచం చీలదు. దగ్గర నుంచి పలకల మీద కాల్చినప్పుడు, 16 పౌన్ల మందుతో 68 పౌన్ల గుండు వేసే పాత నున్నటి గొట్టపు ఫిరంగి, 110 పౌన్ల గుండు వేసే సరికొత్త ఆర్మ్‌స్ట్రాంగ్ కన్నా మేలనిపించింది. కవచ నౌకలను కొట్టడానికి తెచ్చుకున్న ఫిరంగి కవచాన్నే కొట్టలేకపోతే దాన్ని పెట్టుకుని ఏం చేస్తారు? ఆర్మ్‌స్ట్రాంగ్ చుట్టల గొట్టాన్ని ఉంచుకుని వెనక వైపు పూర్తిగా మూసేశారు. గొట్టం లోపల కొద్ది గాడులు, గుండు ఒంటికి ఆ గాడుల్లో జారే మెత్తటి లోహపు బొడిపెలు, నింపడం మూతి నుంచి. చౌక, గట్టిది, పెద్ద మోతాదుకు వెరవదు. గుండుకూ గొట్టానికీ మధ్య సందులోంచి వాయువు తోసుకుపోతూ లోపలి గోడను తినేస్తుందన్నది దాని లోపం. 1870ల చివర్లో గుండు అడుగున రాగి పళ్లెం బిగించి కొంత సర్దారు.

ఇప్పుడు మందు సంగతి. చిన్న గింజల తుపాకిమందు దాదాపు ఒక్కసారిగా కాలిపోతుంది. ఒత్తిడి వెనక భాగంలో ఆకాశానికి ఎక్కి, గుండు కొన్ని అడుగులు కదిలేసరికి పడిపోతుంది. అలాంటప్పుడు గొట్టం పొడుగు పెంచినా లాభం కొద్దిగానే. కాబట్టి ఫిరంగి వెనక లావుగా, మొత్తంమీద పొట్టిగా ఉండటమే సరి. పొట్టి ఫిరంగిని మూతి నుంచి నింపడం కష్టం కాదు. మూతి నుంచి నింపే పద్ధతికి తిరిగి వెళ్లిన 1865 నాటి నిర్ణయానికి ఇదీ నేపథ్యం.

మార్పు మందు ఆకారంతో మొదలైంది. అమెరికన్ అధికారి రాడ్‌మన్ మందును గింజలుగా కాక చిల్లులున్న గట్టి దిమ్మలుగా అచ్చువేస్తే బాగుంటుందని చూపించాడు. బయటి ముఖం కాలి తరిగిపోతుంటే లోపలి చిల్లు పెద్దదవుతుంది కనుక మండే వైశాల్యం పెద్దగా తగ్గదు. ఒత్తిడి శిఖరం తగ్గి, తోపు ఎక్కువసేపు సాగుతుంది. ఆరు పలకల దిమ్మల మందు అలా వచ్చింది. 1880ల మొదట్లో జర్మన్లు సగమే కాల్చిన గడ్డి బొగ్గుతో గోధుమరంగు మందు చేశారు. అది ఇంకా నిదానం. ఇలాంటి మందు చివరి రవ్వ కాలేదాకా గుండు గొట్టంలోనే ఉండాలి. అంటే గొట్టం లోపలి వ్యాసానికి 25, 30 రెట్లు పొడవు కావాలి. 12 అంగుళాల ఫిరంగికి 30 రెట్లంటే 30 అడుగులు. దాన్ని మూతి నుంచి నింపాలంటే నింపేవాడు ఎక్కడ నిలబడాలి? టరెట్ బయట, సముద్రం మీద. మూతి నుంచి నింపే పద్ధతి కథ ముగియడానికి అసలు కారణం ఇదే.

బ్రిటిష్ యుద్ధనౌక థండరర్ ప్రమాదం ఆ ముగింపును తొందరపెట్టింది. 1879 జనవరి 2న మర్మరా సముద్రంలో సాధన చేస్తుండగా, ఆ నౌక ముందు టరెట్‌లోని 12 అంగుళాల ఫిరంగి ఒకటి పగిలి 11 మంది చనిపోయారు. టరెట్‌లోని రెండు ఫిరంగులనూ ఒకేసారి పేల్చారు. ఒకటి పేలలేదు. ఆ మోతలో, పొగలో అది ఎవరికీ తెలియలేదు. ఆ ఫిరంగులను నింపేది చేతులతో కాదు. మూతిని కిందికి వంచితే డెక్ కింద నుంచి హైడ్రాలిక్ కడ్డీ మందునూ గుండునూ లోపలికి తోస్తుంది. చేత్తో తోసేవాడికైతే కడ్డీ ముందే ఆగిపోవడం తెలిసేది, యంత్రానికి తెలియలేదు. పాత మోతాదు మీద కొత్త మోతాదు ఎక్కింది. ఇది ఊహ అని వాదించినవాళ్లుంటే, 1880లో వూలిచ్‌లో జత ఫిరంగిని తెచ్చి కావాలనే రెండుసార్లు నింపి పేల్చారు. అదే తీరులో పగిలింది. వెనక నుంచి నింపే ఫిరంగిలో మూత తెరిస్తే లోపల ఏముందో కంటికి కనిపిస్తుంది. ఆ ఒక్క గుణం చాలు.

మూత సమస్యను అప్పటికే ఫ్రెంచివాళ్లు తీర్చేశారు. మూత మరకూ, గొట్టం లోపలి మరకూ కొన్ని భాగాల్లో పళ్లు చెక్కేస్తే, నేరుగా లోపలికి తోసి కొద్దిగా తిప్పితే చాలు, బిగుస్తుంది. వాయువు కారకుండా 1872లో దే బాంజ్ అనే అధికారి ఆస్బెస్టాస్, కొవ్వు కలిపి గుడ్డలో కుట్టిన దిండును పుట్టగొడుగు ఆకారపు తల వెనక పెట్టాడు. పేలుడు ఒత్తిడికి దిండు పక్కలకు ఉబ్బి తనంతట తానే సందు మూస్తుంది. ఒత్తిడి పెరిగిన కొద్దీ ఇంకా గట్టిగా మూస్తుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ మూత మనిషి బిగింపు మీద ఆధారపడింది. ఇది ఆ పనిని పేలుడుకే అప్పజెప్పింది.

ఇప్పుడు ఇన్‌ఫ్లెక్సిబుల్ లెక్క చూడండి. 16 అంగుళాల, 80 టన్నుల, మూతి నుంచి నింపే ఫిరంగులు నాలుగు. గుండు 1,684 పౌన్లు, మూతి దగ్గర వేగం సెకనుకు 1,590 అడుగులు. చేత ఇనుముకు అప్పట్లో వాడిన మోటు సూత్రం ఒకటుంది: సెకనుకు ప్రతి 1,000 అడుగుల వేగానికి గుండు తన వ్యాసమంత మందం చీలుస్తుంది. 16ను 1.59తో హెచ్చిస్తే 25 అంగుళాలకు కాస్త పైన. ఆ నౌక కవచం 24 అంగుళాలు ఎందుకో ఇట్టే తెలుస్తుంది. తన ఫిరంగినే తాను తట్టుకునేలా కట్టారు. అదీ ఒకే పలక కాదు. 12 అంగుళాల పలకలు రెండు, వాటితో టేకు. చదరపు అడుగుకు ఇనుమే 960 పౌన్లు కాబట్టి 320 అడుగుల నౌకలో 110 అడుగుల మధ్య కోటకే అది సరిపోయింది. కొసల్లో నీటి కింద 3 అంగుళాల డెక్, దాని పైన బొగ్గు, బెండు నింపిన అరలు. కొసలు రెండూ నీళ్లతో నిండితే నౌక తిరగబడుతుందా అని పెద్ద వివాదం రేగి, విచారణ సంఘం వేయాల్సి వచ్చింది.

మెజెస్టిక్ ఫిరంగి 12 అంగుళాలే, 46 టన్నులే. పొడవు వ్యాసానికి 35 రెట్లు, మందు కార్డైట్ అనే పొగలేని కొత్త రకం. 850 పౌన్ల గుండు సెకనుకు దాదాపు 2,400 అడుగుల వేగంతో బయటికొస్తుంది. గతిశక్తి లెక్కవేస్తే, సగం బరువు గుండుతో పాత 80 టన్నుల ఫిరంగి కన్నా పదో వంతుకు పైగా ఎక్కువ. పైగా ఆ శక్తి చిన్న కన్నం మీద కేంద్రీకరిస్తుంది. అదే మోటు సూత్రం ప్రకారం దాదాపు 29 అంగుళాల ఇనుము. అంటే చేత ఇనుముతోనే కొనసాగితే 1895లో 28, 30 అంగుళాల కవచం కావాలి. అది మోయగలిగే నౌక లేదు.

అందుకే లోహం మారింది. 1876లో ఇటలీలోని స్పెజ్జియా దగ్గర 100 టన్నుల ఫిరంగితో 22 అంగుళాల పలకలను పరీక్షించినప్పుడు ఇనుప పలకలను గుండు చీల్చుకుపోయింది. ఫ్రెంచి సంస్థ ష్నైడర్ ఉక్కు పలక గుండును ఆపింది గానీ తానూ ముక్కలైంది. చిక్కు ఇక్కడే ఉంది. గట్టిదనం గుండును పగలగొడుతుంది, సాగేగుణం పలకను ఒకటిగా ఉంచుతుంది. రెండూ ఒకే లోహంలో దొరకవు. షెఫీల్డ్‌లోని కామెల్, జాన్ బ్రౌన్ కర్మాగారాలు 1877 ప్రాంతంలో చేత ఇనుము వీపుకు ఉక్కు ముఖం అతికి మిశ్రమ కవచం చేశాయి. మొత్తం మందంలో ఉక్కు మూడో వంతు. దాని జబ్బు అతుకులోనే ఉంది. నాలుగు దెబ్బలు తగిలేసరికి ముఖం పెంకులుగా ఊడిపోయేది. 1890 సెప్టెంబరులో అమెరికాలోని అన్నపోలిస్ పరీక్షల్లో అది చెడిపోయి, ష్నైడర్ నికెల్ ఉక్కు పగుళ్లు లేకుండా నిలిచింది.

అతుకు లేకుండా ఒకే పలకలో రెండు గుణాలు తెచ్చినవాడు అమెరికన్ హార్వే. ఉక్కు పలక ముఖాన్ని బొగ్గుపొడికి ఆనించి, దాదాపు 1,200 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు మూడు వారాలు కొలిమిలో ఉంచుతాడు. కర్బనం ముఖంలోకి అంగుళం లోతు దాకా ఎక్కుతుంది. తర్వాత కమ్మరి కొడవలికి పదును పెట్టినట్టే చల్లార్చడం. ముఖం గాజులా గట్టి, వీపు మెత్తన. ఆ తర్వాత జర్మన్ సంస్థ క్రుప్, నికెల్ ఉక్కుకు క్రోమియం కలిపి, బొగ్గుపొడికి బదులు వాయువుతో కర్బనం ఎక్కించి, వీపును చల్లగా ఉంచి ముఖాన్ని మాత్రమే కాల్చి పదును పెట్టింది. గట్టిదనం మందంలో మూడో వంతు దాకా దిగింది. మొత్తంమీద 15 అంగుళాల చేత ఇనుము పని 12 అంగుళాల మిశ్రమ కవచమో మామూలు ఉక్కో చేస్తుంది. హార్వేకి ఏడున్నర, క్రుప్‌కు అయిదుముప్పావు అంగుళాలు చాలు. మెజెస్టిక్ 9 అంగుళాల హార్వే కవచం 18 అంగుళాల ఇనుముకు సమానం. పైకి తక్కువే అనిపించినా, అది ఆదా చేసిన బరువుతో నౌక పక్కలను మరింత ఎత్తుదాకా కప్పగలిగారు. కాబట్టి రెండు నౌకలను పోల్చేముందు ఏ లోహమో చూడకుండా అంగుళాలు పోల్చకండి.

గుండు కూడా ఊరికే కూర్చోలేదు. పాలిసర్ గుండు పోత ఇనుముదే, కానీ ముక్కును లోహపు అచ్చులో పోసి చప్పున చల్లార్చేవారు. చేత ఇనుములోకి దూసుకుపోయేది, ఉక్కు ముఖానికి తగిలితే తునకలయ్యేది. తర్వాత క్రోమియం ఉక్కు గుండ్లు వచ్చాయి. 1890లలో రష్యన్ అధికారి మకరోవ్ ముక్కుకు మెత్తటి ఉక్కు టోపీ తొడిగించాడు. గట్టి ముఖాన్ని తాకే క్షణంలో ముక్కు విరగకుండా ఆ టోపీ కాస్తుంది.

ఇంకో దారిలో వచ్చిన మార్పు, వెంటవెంటనే పేల్చే వేగం. ఆర్మ్‌స్ట్రాంగ్ సంస్థ 4.7 అంగుళాల త్వరిత ఫిరంగి 1887 పరీక్షలో 10 గుండ్లను 47.5 సెకన్లలో పేల్చింది. 1894 సెప్టెంబరు 17న యాలూ యుద్ధంలో జపాన్ ఇలాంటి ఫిరంగులతో చైనా నౌకలు డింగ్‌యువాన్, జెన్‌యువాన్‌లను ఒక్కొక్కదాన్ని 150 సార్లకు పైగా కొట్టింది. పైభాగాలు నుజ్జయ్యాయి, మంటలు లేచాయి, కానీ 14 అంగుళాల మిశ్రమ కవచం ఎక్కడా తెగలేదు. రెండూ తేలుతూ రేవు చేరాయి. చిన్న ఫిరంగి నౌకను పనికిరాకుండా చేయగలదు, ముంచడానికి మాత్రం కవచం చీలాలి.

ఢీకొట్టే ముక్కు గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు. 1866 జూలై 20న లిస్సా దగ్గర ఆస్ట్రియన్లు ఒక ఇటలీ నౌకను ఢీకొట్టి ముంచారు. దాంతో అందరూ ముక్కులు పెట్టారు. ఆ తర్వాత ఆ ముక్కులకు బలైనవి ఎక్కువగా సొంత దళం నౌకలే. 1875లో వాన్‌గార్డ్, 1893లో విక్టోరియా.

తెరచాపలు ఎందుకు వదల్లేదన్న దానికి జవాబు బొగ్గు. తొలి ఆవిరియంత్రాలు బొగ్గును విపరీతంగా తినేవి, సముద్రాలు దాటాలంటే గాలి కావాల్సిందే. కానీ బరువైన టరెట్ పెట్టాలంటే డెక్ నీటికి దగ్గరగా దించాలి. ఈ రెంటినీ కలిపి బ్రిటిష్ నౌకాదళ అధికారి కౌపర్ కోల్స్ కట్టించిన కెప్టెన్ అనే నౌక, అనుకున్న దానికన్నా బరువెక్కి, 8 అడుగులు ఉండాల్సిన పక్క ఎత్తు ఆరున్నరకు దిగింది. 14 డిగ్రీలు ఒరిగితే డెక్ అంచు నీట మునుగుతుంది. తిరిగి నిలబెట్టే బలం 21 డిగ్రీల దగ్గరే గరిష్ఠం చేరి తగ్గడం మొదలవుతుంది. తెరచాపలు ఎత్తిన నౌకకు ఇది చావే. 1870 సెప్టెంబరు 7 తెల్లవారుజామున స్పెయిన్‌లోని ఫినిస్టెర్ దగ్గర తిరగబడి 470 మందికి పైగా పోయారు, కోల్స్‌తో సహా. ఆ నమూనాను వ్యతిరేకించిన నౌకాదళ ప్రధాన రూపకర్త ఎడ్వర్డ్ రీడ్ తెరచాపల స్తంభాలు పూర్తిగా తీసేసి డివాస్టేషన్ నౌకను గీశాడు. దానికి ముందు అదే తరహాలో కట్టిన చిన్న టరెట్ నౌకలు మాగ్డాలా, అబిసీనియా బొంబాయి రేవు కాపలాకు వచ్చి, సేవాకాలమంతా అక్కడే గడిపాయి.

కళ్లతో చూడదలిస్తే వారియర్ పోర్ట్స్‌మత్‌లో ఉంది. లోపలికి వెళ్లి, కోట లాంటి మధ్యభాగం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నడిచి చూడండి. మాగ్డాలా తోబుట్టువు లాంటి సెర్బరస్ శిథిలం మెల్‌బోర్న్ దగ్గర హాఫ్ మూన్ బే ఒడ్డున నీటిలో కనిపిస్తుంది. మాల్టాలోని రినెల్లా కోటలో 100 టన్నుల ఫిరంగి ఒకటి మిగిలింది. అక్కడ ముందు చూడాల్సింది గొట్టాన్ని కాదు, దానికి రెండు వైపులా ఉన్న నింపే గదులను. గుండు పేలిన ప్రతిసారీ ఆ 100 టన్నులను తిప్పి మూతిని గది కన్నానికి ఎదురుగా తెచ్చి, వంచి, ఆవిరి బలంతో నడిచే హైడ్రాలిక్ కడ్డీతో నింపేవారు.